పేరు చివర్లో పెట్టండి

డీఎంఎల్‌టీ పూర్తి చేసి ల్యాబులో చేరిన కొత్తలో ఎదురయ్యే మొదటి ఇబ్బంది ఇది. పుస్తకంలో ఏలికపాము గుడ్డు పేజీ మధ్యలో ఒంటరిగా, రంగుల్లో, పక్కన బాణం గుర్తుతో ఉంటుంది. స్లైడు మీద అలా ఉండదు. పిండి రేణువులు, కొవ్వు చుక్కలు, ఆకుకూర పీచు, గాలి బుడగలు... వీటన్నిటి నడుమ సగం కనబడుతూ సగం కనబడక ఏదో గుండ్రంగా ఉంటుంది. అది గుడ్డా? బుడగా? పుప్పొడి రేణువా? కౌంటరు దగ్గర రోగి తాలూకు మనిషి రిపోర్టు కోసం నిలబడి ఉంటారు. లోపలి నుంచి డాక్టరుగారు రెండోసారి అడిగిస్తారు. ఆ ఒత్తిడిలో చెయ్యి ఏదో ఒక పేరు రాసేస్తుంది.

అలా రాసిన పేరు ఎక్కడిదాకా వెళ్తుంది? ఆరేళ్ల పాపకు రెండు రోజులుగా రక్తం, జిగట పడుతున్నాయనుకోండి. స్లైడు నిండా చీము కణాలు. చీము కణంలో కేంద్రకం మూడు నాలుగు తమ్మెలుగా చీలి ఉంటుంది. హడావుడిగా చూస్తే నాలుగు కేంద్రకాలున్న అమీబా సిస్టులాగే అనిపిస్తుంది. రిపోర్టులో ‘ఎంటమీబా హిస్టోలిటికా’ అని పడుతుంది, పాపకు మెట్రోనిడజోల్ మొదలవుతుంది. అసలు కారణం షిగెల్లా బ్యాక్టీరియా అయితే ఆ మందు దాన్ని ఏమీ చేయదు. పాప ఇంకో రెండు రోజులు నీరసపడుతుంది. ఇది ఊహించి చెప్పిన సందర్భమే గానీ, చీము కణాన్ని అమీబాగా పొరబడటం ల్యాబుల్లో తరచూ జరిగేదే.

ఈ పొరపాటు బొమ్మలు గుర్తులేక జరగదు. పేరు ముందే తట్టేయడం వల్ల జరుగుతుంది. ఒకసారి ‘అమీబా’ అనుకున్నాక కన్ను దానికి అనుకూలమైనవే వెతుక్కుంటుంది. అందుకే ఈ అధ్యాయమంతా ఒక వరుస గురించే. శాంపిల్, కాంతి, కొలత, లోపలి నిర్మాణం, ఆ తర్వాతే పేరు.

ఆ వరుస ఎంత విలువైనదో సికింద్రాబాద్‌లోనే ఒకసారి రుజువైంది. రొనాల్డ్ రాస్ మలేరియా జీవి కోసం రెండేళ్లకు పైగా దోమలను కోసి చూస్తున్నాడు, ఏమీ దొరకలేదు. 1897 ఆగస్టు 20న, నాలుగు రోజుల కిందట మలేరియా రోగిని కుట్టిన దోమ ఒకటి ఆయన సూక్ష్మదర్శిని కింద ఉంది. పొట్ట గోడ మీద గుండ్రటి గీత ఒకటి కనబడింది. ఆయన వెంటనే మలేరియా అనలేదు. ముందు పరిమాణం చూశాడు, సుమారు 12 మైక్రాన్లు. దోమ పొట్టలో మామూలుగా ఉండే కణానికి అది మరీ చిన్నది, అంచు మరీ స్పష్టం. పక్కకు జరిపి చూస్తే అలాంటివే మరికొన్ని. ఆ రోజు మబ్బు పట్టి ఉంది. కండెన్సర్ కింది డయాఫ్రమ్ తెరిచి కాంతి పెంచాడు, ఫోకస్ మార్చాడు. అప్పుడు లోపల నల్లటి రేణువులు బయటపడ్డాయి. రోగుల రక్తంలోని మలేరియా జీవుల్లో ఆయన అన్నాళ్లూ చూస్తూ వచ్చిన రేణువులే అవి. మర్నాడు అదే గుంపులోని మరో దోమను కోస్తే ఆ కణాలు ఇంకా పెద్దవిగా ఉన్నాయి, అంటే పెరుగుతున్నాయి. ఈ పనికే 1902లో ఆయనకు నోబెల్ వచ్చింది. బేగంపేటలోని పరాన్నజీవుల పరిశోధన సంస్థకు ఇప్పుడు ఆయన పేరే.

పరిమాణం, అంచు, పక్క ఫీల్డు, కాంతి, ఫోకస్, లోపలి రేణువులు, మర్నాటి పోలిక. మీ టేబుల్ మీదా ఇవన్నీ సాధ్యమే. ఒక్కొక్కటిగా చూద్దాం.

1. స్లైడు కంటే ముందు డబ్బాను చూడండి

శాంపిల్ ఎప్పటిది? ఈ ఒక్క ప్రశ్న అడగకుండా స్టూల్ పరీక్ష మొదలుపెట్టకండి. నీళ్ల విరేచనమైతే అరగంటలోపు, మెత్తగా ఉంటే గంటలోపు చూడాలి. కదిలే దశలో ఉన్న అమీబా, జియార్డియా అంతకు మించి ఆగవు. అవి చచ్చి ముద్దయ్యాక ఎంత మంచి కన్నూ వాటిని పట్టుకోలేదు. గట్టి మలాన్ని ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు చూసినా గుడ్లకు, సిస్టులకు పెద్ద నష్టం లేదు. ‘వెచ్చగా ఉంటే బతుకుతాయి’ అనుకుని ఇంక్యుబేటర్‌లో పెట్టేవాళ్లున్నారు. ఆ పని వద్దు, అందులో ఇంకా త్వరగా పాడవుతాయి. మూత్రం కలిసినా, నీళ్లు కలిసినా మరో డబ్బా ఇచ్చి మర్యాదగా మళ్లీ అడగండి.

ఆలస్యం వల్ల వచ్చే చిక్కు ఇంకొకటుంది. కొంకిపురుగు గుడ్లున్న శాంపిల్ బయట ఎక్కువసేపు ఉంటే గుడ్లు పొదిగి లార్వాలు బయటికొస్తాయి. తాజా మలంలో లార్వా కనబడితే మొదట అనుమానించాల్సింది స్ట్రాంగిలాయిడిస్‌ని. రెండిటి తేడా నోటి దగ్గర తెలుస్తుంది. కొంకిపురుగు లార్వాకు నోటి గొట్టం పొడవు, స్ట్రాంగిలాయిడిస్‌కు పొట్టి. ఇది పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నతో పోయే విషయం కాదు. స్ట్రాంగిలాయిడిస్ ఉన్న మనిషికి అది తెలియక స్టెరాయిడ్లు ఇస్తే లార్వాలు ఒళ్లంతా పాకి ప్రాణం మీదికి రావచ్చు.

ఒక్క శాంపిల్‌లో ఏమీ లేకపోతే లేనట్టేనా? కాదు. జియార్డియా ఒక రోజు కనబడి ఇంకో రోజు మాయమవుతుంది. పది రోజుల వ్యవధిలో, రోజు విడిచి రోజు మూడు శాంపిళ్లు చూడటం మంచి పద్ధతి.

2. కాంతి తగ్గించండి

కొత్తవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు కాంతిని పూర్తిగా తెరిచి తడి స్లైడు చూడటం. రంగు వేయని సిస్టు దాదాపు గాజులా పారదర్శకంగా ఉంటుంది. వెలుగు ఎక్కువైతే అందులో కరిగిపోతుంది. సెలైన్ స్లైడుకు కండెన్సర్ కొంచెం దించండి, డయాఫ్రమ్ మూస్తూ రండి. అంచులు తేలే చోట ఆగండి. రంగు వేసిన రక్తం స్మియర్‌ని ఆయిల్ కింద చూసేటప్పుడు దీనికి పూర్తిగా వ్యతిరేకం, కండెన్సర్ పైకి, డయాఫ్రమ్ బార్లా. రాస్ ఆ మధ్యాహ్నం డయాఫ్రమ్ జోలికి వెళ్లకపోయి ఉంటే నల్ల రేణువులు ఆయన కంట పడేవా?

ఎడమచెయ్యి ఫైన్ ఫోకస్ చక్రం మీదే ఉండాలి. దాన్ని ముందుకూ వెనక్కూ కొద్దిగా తిప్పుతూ చూడటం అలవాటు చేసుకుంటే గుండ్రటి వస్తువుకు లోతుందో లేదో ఇట్టే తెలుస్తుంది.

3. రెండు చుక్కలు, ఒకే దారి

ఒకే స్లైడు మీద ఎడమవైపు సెలైన్ చుక్క, కుడివైపు అయోడిన్ చుక్క. అగ్గిపుల్ల కొనకంటినంత మలం చాలు. కలిపాక స్లైడు కింద వార్తాపత్రిక పెడితే అక్షరాలు చదవగలగాలి. చదవలేకపోతే చిక్కగా ఉన్నట్టు, పారేసి మళ్లీ చేయండి. కవర్ స్లిప్‌ని ఏటవాలుగా ఆనించి మెల్లగా వదిలితే బుడగలు రావు.

సెలైన్‌లో కదలిక చూడాలి. అయోడిన్ కదిలేవాటిని చంపేస్తుంది, కానీ కేంద్రకాలను బయటపెడుతుంది. అందుకే ఒకటి చూసి రెండోది మానేయడం కుదరదు. పై ఎడమ మూల నుంచి మొదలుపెట్టి దుక్కి దున్నినట్టు కిందికి పైకి పోతూ కవర్ స్లిప్ అంతా 10ఎక్స్‌తో చూడండి, అనుమానం తగిలిన చోట 40ఎక్స్‌కి మారండి. ఏలికపాము గుడ్డు దొరకగానే లేచిపోకండి. ఒకే బిడ్డ కడుపులో ఏలికపాము, కొంకిపురుగు, జియార్డియా మూడూ ఉండొచ్చు.

4. కొలవండి, అంచనా వేయకండి

ఒక్క అలవాటే చేసుకునే ఓపిక ఉంటే ఇది చేసుకోండి.

1681లో డెల్ఫ్ట్ నగరంలో లీవెన్‌హుక్ తన విరేచనాన్నే తన కటకం కింద పెట్టి చూశాడు. అందులో కదిలిన చిన్న ప్రాణులను రక్తకణంతో పోల్చి, దాదాపు అంతే ఉన్నాయని రాసిపెట్టాడు. కదలిక కూడా వర్ణించాడు. ఆ రెండు వివరాల వల్లే అవి జియార్డియా అని ఇన్ని శతాబ్దాల తర్వాత కూడా చెప్పగలుగుతున్నారు. ఆయన దగ్గర స్కేలు లేదు. మీకు ఐపీస్‌లో పెట్టే మైక్రోమీటర్ ఉంది.

దాన్ని ఒక్కసారి సరిచూసుకోవాలి. స్టేజి మైక్రోమీటర్ మీద 1 మిల్లీమీటర్‌ను 100 గీతలుగా విభజిస్తారు, గీతకు 10 మైక్రాన్లు. 40ఎక్స్ కింద ఐపీస్‌లోని 40 గీతలు స్టేజి మీది 10 గీతలతో కలిశాయనుకోండి. 10 గీతలంటే 100 మైక్రాన్లు. 100ని 40తో భాగిస్తే ఐపీస్ గీత ఒక్కోటి 2.5 మైక్రాన్లు. 10ఎక్స్‌కి, 100ఎక్స్‌కి ఈ లెక్క విడివిడిగా చేసి, కాగితం మీద రాసి సూక్ష్మదర్శినికే అంటించండి. మరో సూక్ష్మదర్శినికి ఈ అంకెలు పనికిరావు.

కొలత చేతికొచ్చాక సందేహాలు ఎలా విడిపోతాయో చూడండి. నాలుగు కేంద్రకాల హిస్టోలిటికా సిస్టు ఎక్కువగా 12 నుంచి 15 మైక్రాన్లుంటుంది. ఏ హానీ చేయని ఎంటమీబా కోలై సిస్టు సాధారణంగా 15 నుంచి 25, పక్వమైనదాంట్లో కేంద్రకాలు ఎనిమిది. జియార్డియా సిస్టు కోడిగుడ్డు ఆకారంలో 8 నుంచి 12. క్రిప్టోస్పోరిడియం 4 నుంచి 6 మాత్రమే, తడి స్లైడులో దాన్ని ఈస్టు అనుకుని వదిలేస్తారు. దానికి యాసిడ్ ఫాస్ట్ రంగు వేయాలి. ఆ రంగులో అలాగే గుండ్రంగా ఉండి 8 నుంచి 10 మైక్రాన్లు వచ్చిందంటే అది సైక్లోస్పోరా. ఈ రెండిటి మందులు వేరు. ఆ తేడా చెప్పేది మీ కొలతే.

5. గుడ్డును ప్రశ్నలడగండి

ఎంత పొడవు? పెంకు మందమా, పల్చనా? పైన గరుకు పొర ఉందా? చివర్ల మూతలున్నాయా? పసరు పట్టి గోధుమరంగు తేలిందా, తెల్లగా ఉందా? లోపల ఏముంది?

ఏలికపాము గుడ్డు 45 నుంచి 75 మైక్రాన్లు, గోధుమరంగు, పైన బొడిపెల పొర. ఆ పొర ఊడిపోయినవీ, ఫలదీకరణ జరగక కోలగా సాగి 90 మైక్రాన్లదాకా ఉండేవీ తగులుతాయి. పుస్తకం బొమ్మతో పోలలేదని వాటిని వదిలేయకండి. కొంకిపురుగు గుడ్డుకు పల్చటి పెంకు, రంగు ఉండదు, లోపల నాలుగు నుంచి ఎనిమిది కణాల ముద్ద, పెంకుకూ ముద్దకూ మధ్య ఖాళీ. ట్రైక్యూరిస్ గుడ్డు మద్దెల ఆకారం, రెండు చివర్లా బిరడాలు. ఒకసారి చూస్తే ఇక మరిచిపోరు.

నులిపురుగు గుడ్డు మలంలో అరుదుగా కనబడుతుంది, ఎందుకంటే ఆడపురుగు రాత్రిపూట మలద్వారం బయటికొచ్చి చర్మం మీద పెడుతుంది. పొద్దున్నే, కడగకముందే సెల్లోటేపు అంటించి తీసి స్లైడు మీద పరవమని తల్లికి చెప్పండి. ఒకపక్క చదునుగా ఉండే గుడ్లు అందులో దొరుకుతాయి.

బద్దెపురుగు దగ్గర మాత్రం ఆగాలి. గీతల పెంకు, లోపల ఆరు కొక్కేలు కనబడ్డాయి, సరే. పంది మాంసం నుంచి వచ్చేదా, గొడ్డు మాంసం నుంచి వచ్చేదా? గుడ్డు చూసి ఎవరూ చెప్పలేరు. ‘టీనియా జాతి గుడ్లు’ అని రాసి ఆగడమే సరైన పని. ఆ శాంపిల్‌ని గ్లౌజులతోనే పట్టుకోండి. అది పంది బద్దెపురుగుదైతే ఆ గుడ్డు నోట్లోకి పోయినవాళ్ల మెదడులో తిత్తులు కట్టవచ్చు.

6. పరాన్నజీవి కానివాటిని బాగా చదవండి

అనుభవమున్న టెక్నీషియన్‌కూ కొత్తవారికీ తేడా ఎక్కువగా ఇక్కడే. మామూలు భోజనం నుంచి వచ్చే చెత్త అంతా పాతవారికి ముఖపరిచయం. మీరూ ఆ పరిచయం పెంచుకోవచ్చు. పప్పన్నం, కూరలు తినే ఆరోగ్యవంతుల శాంపిళ్లు చూసి, కనబడిన ప్రతిదానికీ బొమ్మ గీసుకోండి.

మొక్కల నూగు పొడవుగా, ఒక చివర విరిగి, మధ్యలో సన్నని కాలువతో ఉంటుంది. లార్వా అనిపిస్తుంది గానీ లోపల పేగు, గొంతు ఏవీ ఉండవు. పిండి రేణువు అయోడిన్‌లో నీలి నలుపుకు తిరుగుతుంది, సిస్టు పసుపు గోధుమకు తిరుగుతుంది. గాలి బుడగ అంచు నల్లగా మెరుస్తుంది, లోపల శూన్యం. పుప్పొడి టీనియా గుడ్డును బాగా తలపిస్తుంది, ఆరు కొక్కేలు వెతకండి. ఈస్టు కణాలకు పక్కన మొగ్గలు ఉంటాయి. అరటిపండు నారలు మలంలో నల్లటి దారాల్లా కనబడి, ఇంట్లోవాళ్లు పురుగులని భయపడి సీసాలో వేసి తెస్తారు. వాళ్లను నవ్వుతూ పంపేయకండి, సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసి చెప్పండి.

ఇక మొదట చెప్పుకున్న చీము కణం. దాని అంచు చిరిగినట్టుంటుంది, కేంద్రకపు తమ్మెలు సన్నని పోగుతో కలిసి ఉంటాయి. సిస్టుకు స్పష్టమైన గోడ ఉంటుంది, అయోడిన్‌లో ప్రతి కేంద్రకం విడి ఉంగరంలా, నడుమ చుక్కతో కనబడుతుంది.

7. మలేరియా స్లైడుకు రెండు పొరలు

పాడేరు, అరకు వైపు ఏజెన్సీలో పనిచేసేవారికి చలిజ్వరం స్లైడు వానాకాలంలో రోజువారీ పని. మందపు స్మియర్ పరాన్నజీవి ఉందో లేదో చెబుతుంది, పల్చటి స్మియర్ అది ఏ జాతో చెబుతుంది. పల్చటిదాన్ని మిథనాల్‌తో ఫిక్స్ చేయాలి, మందపుదాన్ని చేయకూడదు. ఒకే స్లైడు మీద రెండూ చేసేటప్పుడు మిథనాల్ ఆవిరి తగిలినా మందపు పొరలోని ఎర్ర కణాలు కరగక స్లైడు పాడవుతుంది. జీమ్సా కలిపే నీటి పీహెచ్ 7.2 ఉండాలి. ఆమ్లం వైపు మళ్లితే వైవాక్స్‌ను పట్టించే షఫ్నర్ చుక్కలు కనబడవు.

కన్ను ఎక్కడ మోసపోతుంది? ఎర్ర కణం మీద కూర్చున్న ప్లేట్‌లెట్ దగ్గర. దానికి మందు సులువే. ఎర్రటి క్రొమాటిన్, నీలి సైటోప్లాజమ్ రెండూ కనబడితేనే పరాన్నజీవి అనండి. రంగు మడ్డి అయితే ఫోకస్ కొంచెం తిప్పగానే అది కణం కంటే పై తలంలో ఉందని తెలిసిపోతుంది.

కణం ఉబ్బి, అన్ని దశలూ కనబడి, చుక్కలుంటే వైవాక్స్. కణం మామూలు సైజులో ఉండి, సన్నని ఉంగరాలు, ఒక్క కణంలోనే రెండు మూడు, కొన్ని అంచుకు అతుక్కుని ఉంటే ఫాల్సిపారం. దాని పెద్ద దశలు లోపలి రక్తనాళాల్లో దాక్కుంటాయి కాబట్టి వేలి రక్తంలో ఉంగరాలు, నెలవంక ఆకారపు గామిటోసైట్లే ఎక్కువగా దొరుకుతాయి. జాతి ఎందుకంత ముఖ్యం? ఫాల్సిపారం గంటల్లో ప్రాణం మీదికి తేగలదు. వైవాక్స్ కాలేయంలో నిద్రపోయి మళ్లీ లేస్తుంది, దానికి ప్రిమాక్విన్ కూడా వేయాలి.

లెక్క కూడా కష్టమేం కాదు. 200 తెల్లకణాలు లెక్కించేలోపు 150 పరాన్నజీవులు కనబడ్డాయనుకోండి. మైక్రోలీటరు రక్తంలో తెల్లకణాలు 8000 అని లెక్కలోకి తీసుకుంటారు కాబట్టి, 150ని 8000తో గుణించి 200తో భాగిస్తే మైక్రోలీటరుకు 6000 పరాన్నజీవులు. మర్నాడు మళ్లీ లెక్కిస్తే మందు పనిచేస్తోందో లేదో డాక్టరుకు తెలుస్తుంది. లేదని చెప్పేముందు మందపు స్మియర్‌లో కనీసం 100 ఫీల్డులు చూడండి. జ్వరం లక్షణాలు మలేరియానే చెబుతుంటే 12 నుంచి 24 గంటల తేడాతో మరో రెండుసార్లు రక్తం తీయండి.

8. బోదకాలు పరీక్ష రాత్రి పనే

పగలు పదింటికి తీసిన రక్తంలో మైక్రోఫైలేరియా లేదని రాయడంలో అర్థం లేదు. మన దేశంలో ఎక్కువగా ఉండే ఉకరేరియా పిల్లలు పగలు ఊపిరితిత్తుల నాళాల్లో ఉండి, రాత్రి పది నుంచి రెండు మధ్య చర్మపు రక్తంలోకి వస్తాయి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన పరిశోధన నుంచే 1947లో దీని మందు డైఇథైల్‌కార్బమజీన్ వచ్చింది. ఆ మందు ఎవరికి కావాలో తేల్చడానికి నిద్ర మానుకుని తీసిన రక్తపు చుక్కే ఆధారమైంది. స్లైడులో తొడుగు ఉందా చూడండి, తర్వాత తోక చివర చూడండి. కేంద్రకాలు కొసదాకా రాకపోతే ఉకరేరియా. కొసలో రెండు విడిగా ఉంటే బ్రూజియా.

9. రిపోర్టులో తెలిసినంతే రాయండి

హిస్టోలిటికా సిస్టు, ఏ హానీ చేయని డిస్పార్ సిస్టు చూపుకు ఒకటే. కదిలే అమీబా పొట్టలో ఎర్ర కణాలు కనబడితే తప్ప తేడా తెలియదు. కాబట్టి ‘ఎంటమీబా హిస్టోలిటికా లేదా డిస్పార్, సిస్టు’ అని రెండు పేర్లూ రాయండి. దశ తప్పకుండా రాయండి. చీము కణాలు, ఎర్ర కణాలు ఉంటే అవీ రాయండి. ఏమీ దొరక్కపోతే ‘ఈ శాంపిల్‌లో కనబడలేదు’ అనండి, ఏ పద్ధతిలో చూశారో చేర్చండి.

సందేహం తీరకపోతే? పక్క సీటులోని సీనియర్‌ని పిలవడంలో చిన్నతనం లేదు. అమెరికా సీడీసీ వారి డీపీడీఎక్స్ బొమ్మలు ఉచితంగా చూడొచ్చు. మీ కొలతను దగ్గర పెట్టుకుని వాటితో పోల్చండి. మిగిలిన మలాన్ని 10 శాతం ఫార్మలిన్‌లో దాచండి. కవర్ స్లిప్ అంచులకు వాజిలీన్ రాస్తే తడి స్లైడు మరికాసేపు ఆరకుండా ఉంటుంది. స్టేజి పక్కన ఉండే స్కేలు మీద అడ్డం, నిలువు అంకెలు రెండూ చూసి రిజిస్టరులో రాసుకోండి. సీనియర్ భోజనం ముగించి వచ్చేసరికి ఆ అంకెల దగ్గరికి స్టేజిని జరిపితే చాలు, మీరు చూసిన గుండ్రటిది ఆయన ముందు ఉంటుంది.